ఫిలిప్ హెన్రీ గాస్

ఫిలిప్ హెన్రీ గాస్ (ఏప్రిల్ 6, 1810 - ఆగష్టు 23, 1888) ఇంగ్లండు దేశానికి చెందిన ప్రకృతి శాస్త్రవేత్త, చిత్రకారుడు, రచయిత. సముద్రజీవులను ఇంటిలో గాజు తొట్టిలో ఉంచి చాలాకాలం సజీవంగా పెంచవచ్చునని సామాన్య జనానికి నేర్పినవాడు. అటువంటి తొట్టికి అక్వేరియం అనే పేరు వ్యాప్తిలోకి రావడానికి 1854లో వెలువడిన ఈయన గ్రంథం ముఖ్య కారణం. మంచినీటిలో లవణాలు కలిపి సముద్రజలం తయారుచేసుకొనే పద్ధతిని కూడా ఈయన అదే సంవత్సరం ప్రకటించాడు. సముద్రానికి సుమారు 300 కి.మీ. దూరాన ఉన్న హైదరాబాదులో, హైటెక్ సిటీ, గచ్చిబౌలి పరిసరాల అపార్టుమెంట్లలో నేడు కొందరు ఉప్పునీటి చేపలను పెంచుకోగలుగుతున్నారంటే దానికి మూలం ఈ పద్ధతిలోనే ఉంది.

బాల్యం

గాస్ ఇంగ్లండులోని వూస్టర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి థామస్ గాస్ ఊరూరా తిరుగుతూ చిన్న చిన్న చిత్తరువులు గీసి జీవనం సాగించిన చిత్రకారుడు. తల్లి హన్నా వివాహానికి ముందు ధనిక గృహంలో పరిచారికగా పనిచేసింది. కొద్దికాలానికే కుటుంబం దక్షిణ తీరంలోని పూల్ అనే ఓడరేవుకు తరలివెళ్ళింది. తండ్రి సంపాదన అంతంతమాత్రమే అయినా, సూక్ష్మమైన బొమ్మలు గీసే నేర్పు మాత్రం కుమారునికి అబ్బింది. తరువాతి కాలంలో తన గ్రంథాలకు కావలసిన చిత్రాలను గాస్ తానే గీసుకొన్నాడు.

సముద్రజీవులపై ఆసక్తి కలిగించినది మేనత్త సూసన్ బెల్. రాళ్ళ సందులలో పూవువలె విచ్చుకొని ఉండే సీ అనిమోన్ అనే జీవులను ఉప్పునీటి గిన్నెలో వేసుకొని గమనించడం ఆమె వద్దనే నేర్చుకొన్నాడు. ప్రసిద్ధ జంతుశాస్త్రవేత్త థామస్ బెల్ ఈమె కుమారుడే.

విదేశాలలో

చదువు ఎక్కువకాలం సాగలేదు. 15వ ఏట ఒక వర్తక సంస్థలో గుమాస్తాగా చేరి, 1827లో న్యూఫౌండ్లాండ్ ద్వీపంలోని కార్బొనియర్ అనే రేవుకు వెళ్ళాడు. 1832లో సూక్ష్మదర్శిని గురించి జార్జి ఆడమ్స్ వ్రాసిన పాత పుస్తకం ఒకటి చేజిక్కింది. ఆ పుస్తకంతో గుమాస్తా కాస్తా కీటకశాస్త్ర విద్యార్థి అయ్యాడు. మతవిశ్వాసం గాఢంగా మనసులో నాటుకొన్నది కూడా ఆ సంవత్సరమే. ఈ రెండు ఆసక్తులూ జీవితాంతం ఈయనను విడువలేదు.

1835లో కెనడాలోని కాంప్టన్‌లో వ్యవసాయం ప్రారంభించాడు గాని అది కలిసిరాలేదు. 1838లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఎనిమిది నెలలు బడిపంతులుగా ఉన్నాడు. అక్కడి కీటకాల చిత్రాలు ఎంతో అందంగా గీసినా, తోటలలో బానిసలను హింసించే తీరు చూసి మనసు విరిగి 1839లో స్వదేశం చేరాడు. మరుసటి సంవత్సరం కెనడా ప్రకృతి గురించి వ్రాసిన మొదటి పుస్తకం అచ్చయింది. 1844 నుండి 1846 వరకు జమైకాలో పక్షులను పరిశీలించాడు. అక్కడ తనకు సహాయకుడిగా పనిచేసిన శామ్యూల్ కాంప్‌బెల్ అనే నల్లజాతి యువకుని సేవను తన రచనలలో పేరుపెట్టి పేర్కొన్నాడు. ఆ కాలపు యూరోపియన్ రచయితలలో ఇది అరుదైన విషయం.

1848లో ఎమిలీ బోస్‌ను వివాహమాడాడు. ఆమె స్వయంగా రచయిత్రి. 1849లో వీరికి ఎడ్మండ్ అనే కుమారుడు కలిగాడు. ఎడ్మండ్ గాస్ తరువాత ఆంగ్ల సాహిత్య విమర్శకుడిగా పేరుపొందాడు.

అక్వేరియం వైపు

రాత్రింబవళ్ళు పుస్తకాలు వ్రాయడం వలన ఆరోగ్యం దెబ్బతిని, 1852లో గాస్ విశ్రాంతికోసం డెవన్ తీరానికి వెళ్ళాడు. విశ్రాంతి మాట అటుంచి, ఆటుపోట్ల మధ్య రాళ్ళ గుంటలలో దొరికే జీవులను సేకరించి గాజు పాత్రలలో పెంచడం మొదలుపెట్టాడు. ఆ అనుభవాలతో వ్రాసిన పుస్తకం 1853లో వెలువడింది.

సముద్రజీవులను తొట్టిలో పెంచినవారిలో గాస్ మొదటివాడు కాదు. ఫ్రెంచి పరిశోధకురాలు జాన్ విల్‌ప్రూ-పవర్ 1832లో సిసిలీ ద్వీపంలో గాజు తొట్టెలు చేయించుకొని జీవులను పరిశీలించింది. లండనులో అన్నా థిన్ అనే మహిళ 1846 నుండి పగడపు జీవులను పెంచింది. అందుకోసం నీటిని ఒక పాత్రనుండి మరొక పాత్రకు ధారగా పోయించి గాలి పట్టించేది. రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850లో చేపలు, నీటి మొక్కలు, నత్తలు ఒకే తొట్టిలో పరస్పరం ఆధారపడి జీవిస్తాయని చూపించాడు. చేప విడిచిన బొగ్గుపులుసు వాయువును మొక్క గ్రహిస్తుంది, మొక్క విడిచిన ప్రాణవాయువు చేపకు అందుతుంది, కుళ్ళిన ఆకులను నత్త తింటుంది.

గాస్ గొప్పతనం వీటన్నిటినీ సముద్రజలానికి వర్తింపజేసి, చదివినవారు తమ ఇంటిలో చేసుకోగలిగేటట్లు వివరించడంలో ఉన్నది. కాలం కూడా అనుకూలించింది. ఇంగ్లండులో గాజుపై పన్ను 1845లో రద్దయింది. రైలు మార్గాలు ఏర్పడి, తీరంలో ఉదయం పట్టిన జీవిని సాయంత్రానికి లండను చేర్చడం సాధ్యమయింది. 1853 మే నెలలో లండను జంతుప్రదర్శనశాలలో చేపల భవనం ప్రారంభమైనప్పుడు అందులోని సముద్రజీవులలో చాలావాటిని సేకరించి పంపినవాడు గాసే. 1854లో అక్వేరియం గురించిన ప్రధాన గ్రంథం, 1855లో దానికి చేతిపుస్తకం వెలువడ్డాయి. మొదటి గ్రంథంలోని రంగుల చిత్రాలు చూసి ఎందరో ఆ అభిరుచివైపు మళ్ళారు. లాటిన్‌లో పశువులు నీళ్ళు త్రాగే చోటికి ఉన్న పేరు క్రమంగా ప్రపంచమంతటా చేపల తొట్టికి పేరుగా స్థిరపడింది.

కృత్రిమ సముద్రజలం

లండనులో ఉండేవారికి అసలు చిక్కు సముద్రపు నీరు. పీపాలలో తెప్పించుకోవడం ఖర్చుతో కూడిన పని, పైగా నీరు దారిలోనే పాడయ్యేది. బ్రైటన్ తీరంలోని నీటిని విశ్లేషించి ష్వైట్జర్ అనే రసాయనవేత్త ఇచ్చిన లెక్కల ఆధారంగా, గాస్ 1854 వసంతకాలంలో ఇంట్లోనే సముద్రజలం తయారు చేశాడు. అందులో వాడినవి నాలుగు లవణాలు మాత్రమే. ఇంచుమించు నాలుగున్నర లీటర్ల కుళాయి నీటికి వంట ఉప్పు సుమారు 99 గ్రాములు, మన ఇళ్ళలో భేది ఉప్పు అనే మెగ్నీషియం సల్ఫేటు 7 గ్రాములు, మెగ్నీషియం క్లోరైడు 13 గ్రాములు, పొటాషియం క్లోరైడు రెండున్నర గ్రాములు (ఔన్సులలో, గ్రెయిన్లలో ఉన్న కొలతలను ఇక్కడ గ్రాములలోకి మార్చడం జరిగింది). సున్నపు లవణాలు, బ్రోమైడు బహుస్వల్పమని విడిచిపెట్టాడు. నేడు అంగళ్ళలో దొరికే సముద్రపు ఉప్పు మిశ్రమాలలో కాల్షియం, బైకార్బనేటు తప్పనిసరిగా ఉంటాయి. పగడాలు తమ గూడు కట్టుకోవడానికి అవి అవసరం. కాబట్టి గాస్ సూత్రాన్ని ఉన్నది ఉన్నట్లుగా నేటి తొట్టికి వాడుకోరాదు.

ఈ ప్రయోగంలో లవణాల లెక్క కంటె ముఖ్యమైనది తరువాత ఆయన చేసిన పని. నీరు సిద్ధం కాగానే జీవులను వేయలేదు. మొదట తీరం నుండి తెచ్చిన గులకరాళ్ళు, రాతి ముక్కలు, ఉల్వా అనే పచ్చని సముద్రపు పాచి మాత్రమే అందులో వేశాడు. వారం రోజులు ఆగాడు. పాచినుండి వెలువడే సూక్ష్మ బీజాలు నీటిలో వ్యాపించిన తరువాతనే సీ అనిమోన్‌లు, గొట్టపు పురుగులు మొదలైన జీవులను విడిచాడు. అవి చక్కగా జీవించాయి. సముద్రాన్ని ఎన్నడూ ఎరుగని నీటిలో సముద్రజీవులు బతకడం అప్పటివారికి గొప్ప ఆశ్చర్యం కలిగించింది.

ఆ వారం రోజుల నిరీక్షణ ఎందుకు పనిచేసిందో గాస్‌కు పూర్తిగా తెలిసే అవకాశం లేదు. మొక్కలు ఇచ్చే ప్రాణవాయువే కారణమని ఆయన భావించాడు. అందులో నిజం ఉన్నది గాని అది సగమే. చేపల విసర్జనలోను, మిగిలిన మేతలోను పుట్టే అమ్మోనియా చేపలకు విషం. కంటికి కనబడని సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగా, తరువాత అంతగా హానిచేయని నైట్రేటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా ప్రమాదకరమైనదే. ఈ మార్పు జీవుల వలన జరుగుతుందని ఫ్రాన్సులో 1877లో రుజువయింది. ఆ సూక్ష్మజీవులను రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో వేరుచేసి చూపాడు. అంటే గాస్ మరణానంతరం. తీరపు రాళ్ళతో, పాచితో పాటు తనకు తెలియకుండానే ఆ సూక్ష్మజీవులను గాస్ తొట్టిలోకి తెచ్చుకొన్నాడని మనం ఇప్పుడు చెప్పగలం.

కొత్త జీవులను తొట్టిలో చేర్చడం

ప్రారంభకులకు గాస్ ఇచ్చిన సూచనలు చాలావరకు నేటికీ నిలిచి ఉన్నాయి. తొట్టిలో జీవులను కిక్కిరియనివ్వరాదు. చనిపోయిన జీవిని ఒక్క పూట కూడా ఉంచక తీసివేయాలి. ఎండ నేరుగా పడనీయరాదు. ఆవిరై తగ్గిన నీటికి బదులు మంచినీరే పోయాలి, ఉప్పునీరు పోయరాదు, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. ఈ చివరి సూచన చిన్నదిగా కనిపించినా, హైదరాబాదు వేసవిలో దీనిని మరచిన తొట్టిలో రోజురోజుకూ ఉప్పు చిక్కబడుతుంది.

నేటి పద్ధతిలో వారం రోజుల నిరీక్షణ నాలుగు నుండి ఆరు వారాలు అయింది. నగరానికి వచ్చే కృష్ణా, గోదావరి, మంజీర నదుల నీటిని శుద్ధి చేయడానికి క్లోరిన్ వాడతారు కాబట్టి దానిని తొలగించి, వడగట్టిన నీటిలోనే ఉప్పు మిశ్రమం కలపాలి. నీటి సాంద్రత 1.023 నుండి 1.025 వరకు, ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉండాలి. పరీక్షలో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా అని తేలిన తరువాతనే మొదటి చేపను తేవాలి. ఒకేసారి అయిదారు చేపలు వేస్తే అంతటి అమ్మోనియాను మార్చగల సూక్ష్మజీవులు ఆ తొట్టిలో ఉండవు. ఒకటో రెండో వేసి, రెండు వారాలు ఆగి, నీటిని మళ్ళీ పరీక్షించి తరువాతివాటిని తేవడం క్షేమం. క్లౌన్ చేప వంటి గట్టి జాతులు మొదటి ప్రయత్నానికి అనువైనవి.

కొత్త చేపను సంచిలో తెచ్చినప్పుడు, మూతి విప్పకుండా ఆ సంచిని పదిహేను ఇరవై నిమిషాలు తొట్టి నీటిపై తేలనిస్తే వేడిమి సమానమవుతుంది. ఆ తరువాత లవణీయత. సముద్రపు చేప శరీరంలోని ద్రవం బయటి నీటికంటె తక్కువ ఉప్పగా ఉంటుంది. అందువలన దాని దేహం నుండి నీరు ఎల్లప్పుడూ బయటికి పోతూ ఉంటుంది. ఆ లోటును తీర్చుకోవడానికి చేప సముద్రజలం త్రాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా విసర్జిస్తుంది. పరాన్నజీవుల బెడద తగ్గించడానికి కొన్ని అంగళ్ళలో ఉప్పు తక్కువగా ఉన్న నీటిలో చేపలను ఉంచుతారు. అటువంటి చేపను ఒక్కసారిగా చిక్కని ఉప్పునీటిలో వేస్తే దాని శరీరం తట్టుకోలేదు. కాబట్టి సన్నని గొట్టంద్వారా తొట్టి నీటిని బొట్లుబొట్లుగా కలుపుతూ అలవాటు చేయాలి. అలాగని గంటల తరబడి చేయడమూ మంచిది కాదు. దూరప్రయాణం చేసిన సంచిలో బొగ్గుపులుసు వాయువు పేరుకొని నీరు కొంత ఆమ్లగుణం పొందుతుంది, ఆ స్థితిలో అమ్మోనియా అంతగా హాని చేయదు. సంచి విప్పగానే ఆ వాయువు తప్పించుకొని పోయి, అదే అమ్మోనియా విషంగా మారుతుంది. దూరం నుండి వచ్చిన చేప విషయంలో ఓపికతో పాటు త్వరకూడా అవసరమని చెప్పడం వింతగానే ఉంటుంది. సంచిలోని నీటిని మాత్రం తొట్టిలో పోయరాదు. వీలైతే కొత్త చేపను నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచి, తెల్లమచ్చల వ్యాధి లేదని తెలిసిన తరువాత ప్రధాన తొట్టిలోకి మార్చాలి. ఒక్క రోగిష్టి చేప మొత్తం తొట్టిని ఖాళీ చేయగలదు.

కుటుంబం, ఓంఫలోస్

గాస్ 1856లో రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో భార్య ఎమిలీ రొమ్ము క్యాన్సరుతో మరణించింది. అదే 1857లో ఓంఫలోస్ అనే గ్రంథం ప్రచురించాడు. గ్రీకు భాషలో ఆ మాటకు బొడ్డు అని అర్థం. భూమి వయస్సు ఎంతో ఎక్కువని శిలలు చెబుతుండగా, బైబిలు సృష్టికథతో దానిని సమన్వయం చేయాలని ఆయన ప్రయత్నం. దేవుడు సృష్టించిన నాడే చెట్లలో వలయాలు, శిలలలో శిలాజాలు, ఆదాముకు బొడ్డు ఉండి ఉంటాయని ఆయన వాదన. శాస్త్రజ్ఞులకూ, మతవిశ్వాసులకూ కూడా ఆ వాదన రుచించలేదు. మిత్రుడైన చార్లెస్ కింగ్‌స్లీ సైతం ఏకీభవించలేదు. ఈ ఒక్క పుస్తకం వలన గాస్ మిగిలిన కృషి చాలాకాలం మరుగున పడింది. చార్లెస్ డార్విన్ పలు విషయాలపై ఈయనకు లేఖలు వ్రాసి వివరాలు అడిగేవాడన్న సంగతి కూడా పెక్కుమందికి తెలియదు.

ఆ సంవత్సరమే కుమారునితో డెవన్‌లోని సెయింట్ మేరీచర్చ్ అనే ఊరికి చేరి అక్కడే స్థిరపడ్డాడు. బ్రిటిష్ దీవుల సీ అనిమోన్‌లను, పగడాలను వర్ణించే బృహద్గ్రంథం 1860 నాటికి పూర్తయింది. అదే సంవత్సరం ఎలైజా బ్రైట్‌వెన్‌ను పునర్వివాహం చేసుకొన్నాడు.

వట్టిపోయిన రాళ్ళ గుంటలు

గాస్ పుస్తకాల ప్రభావం ఆయన కోరనిరీతిలో కూడా పనిచేసింది. 1850ల మధ్యనుండి అక్వేరియం ఇంగ్లండు మధ్యతరగతి ఇళ్ళలో ఒక వేడుకగా మారింది. లండనులో సముద్రజీవులను, సముద్రపు నీటిని అమ్మే దుకాణాలు వెలిశాయి. బుట్టలు, ఉలులు పట్టుకొని జనం తీరాలపై పడి, గాస్ వర్ణించిన జీవులను ఆయన పేర్కొన్న చోటులనుండే పెళ్ళగించుకొనిపోయారు. నీరు సిద్ధం కాకుండానే వేసినందున, ఎక్కువ జీవులను కుక్కినందున వాటిలో చాలాభాగం కొద్దిరోజులలోనే చనిపోయేవి. మళ్ళీ కొత్తవి తెచ్చేవారు. అక్వేరియం గ్రంథంలోని ఓపికను విడిచి చిత్రాలను మాత్రమే చదివారనుకోవాలి.

బాల్యంలో తండ్రితో కలిసి ఆ తీరాలలో తిరిగిన ఎడ్మండ్ గాస్, 1907లో ప్రచురించిన తన ఆత్మకథాత్మక గ్రంథం తండ్రీకొడుకులులో ఈ విధ్వంసాన్ని వివరంగా వ్రాశాడు. అనాదిగా ఎవరి చేయీ సోకని రాళ్ళ గుంటలు కొద్ది సంవత్సరాలలోనే వట్టిపోయాయని, దానికి తన పుస్తకాలే దారితీశాయని తెలిసి తండ్రి ఎంతో బాధపడ్డాడని ఆయన కథనం.

చివరి దశ

వృద్ధాప్యంలో గాస్ ఆర్కిడ్ మొక్కలు పెంచాడు, నక్షత్రాలను చూశాడు, సూక్ష్మదర్శినితో రోటిఫెర్లు అనే నీటి సూక్ష్మజంతువులను పరిశీలించాడు. వాటిపై సి.టి. హడ్సన్‌తో కలిసి రూపొందించిన గ్రంథం 1886లో వెలువడింది. 1888 ఆగష్టు 23న సెయింట్ మేరీచర్చ్‌లో మరణించాడు.

మన ప్రాంతంలో

కోస్తా ఆంధ్ర జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న కాలంలో, 1909లో మద్రాసు మెరీనా తీరాన సముద్రజీవుల అక్వేరియం ప్రారంభమయింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అది మూతబడింది. విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ ఇంకా ముందే, 1803లో, అక్కడి రెండువందల చేపలను బొమ్మలతో, తెలుగు పేర్లతో ప్రచురించాడు. అందులో కోడిపుంగి అని నమోదైన చేప పేరు మన కోడిపుంజే అయి ఉంటుంది. ఈకల వంటి రెక్కలు విప్పుకొని తిరిగే ఈ చేపకు రస్సెల్ పేరుమీదనే శాస్త్రీయనామం పెట్టారు. నేటి ఉప్పునీటి తొట్లలో లయన్ ఫిష్ అనే పేరుతో పెంచేది ఈ చేపనూ, దీని దగ్గరి బంధువులనూ. వీపుమీది ముళ్ళలో విషం ఉంటుంది, నోటికి పట్టే చిన్న చేపలను మింగివేస్తుంది. కనుక మొదటిసారి తొట్టి పెట్టుకొనేవారు దీని జోలికి పోకుండుట మేలు.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో పెరిగిన నివాసాలలో ఈ అభిరుచికి కొత్తగా చోటు దొరికింది. ఇక్కడ నీరు తయారయ్యేది గాస్ చూపిన మార్గంలోనే అయినా, చాలా చేపలు ఇప్పటికీ సముద్రం నుండి పట్టి తెచ్చినవే. తొట్టిలో పుట్టి పెరిగిన క్లౌన్ చేపలు ఇందుకు మినహాయింపు. మన దేశంలో వాటిని పుట్టించే విధానాన్ని కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. ఇటువంటివి తొట్టి జీవనానికి, ఇచ్చే మేతకు త్వరగా అలవాటుపడతాయి. దిబ్బలు కట్టే పగడాలను, సముద్రపు విసనకర్రలను, సముద్రపు గుర్రాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన తీరం నుండి వాటిని తీయడం, అమ్మడం నేరం.